ఎవరి చెయ్యి ఏ గడిలో ఉంది?

(మన మండల సమాఖ్య వార్షిక మహాసభలో లెక్కల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాదీ మేము ఈ మైకు ముందుకొచ్చి జమ ఎంత, ఖర్చు ఎంత, బకాయి ఎంత అని చదివేసి కూర్చుంటాం. ఆ లెక్కలు ఈసారీ పుస్తకం వెనక పేజీల్లో ఉన్నాయి, అందరూ చూసుకోండి. ఇవాళ మేము మాట్లాడేది ఆ అంకెల్ని రాసే పని గురించి. ఒకే లెక్కను నలుగురు నాలుగు ఊళ్ళలో కూర్చుని ఫోన్లలో రాస్తున్నారు కదా, అప్పుడు ఒకరి పని ఇంకొకరికి ఎలా తెలుస్తుంది, తెలియకపోతే ఏమవుతుంది అన్నదే విషయం. అందులో మేము చేసిన ఒక తప్పు ఉంది. దాని వల్ల ఒక అక్క పదిమందిలో మాట పడింది. ఒక చెల్లెలు దొంగ అనిపించుకోబోయింది. ఇద్దరూ ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ళని అడిగి, సరే అన్నాకే ఇది చెబుతున్నాం. పేర్లు మాత్రం చెప్పం.

చాప మీద కూర్చున్న రోజులు

పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది. రామాలయం అరుగు మీదో, బడి వరండాలోనో చాప వేసుకుని గుండ్రంగా కూర్చునేవాళ్ళం. మధ్యలో సంఘం పుస్తకం, పక్కన డబ్బుల పెట్టె. ఒకామె డబ్బు చేతికివ్వగానే లీడరు గట్టిగా లెక్కపెట్టి, "ఫలానా ఆమె, పొదుపు వంద, వాయిదా అయిదొందలు" అని పైకి చెప్పేది. పుస్తకం రాసే అమ్మాయి అదే మాట మళ్ళీ అంటూ రాసేది. పక్కనున్నామె తొంగి చూసేది. అక్షరం రాని అక్క కూడా చెవులతోనే లెక్క కట్టుకునేది. తేడా వస్తే అక్కడికక్కడే, "ఆగమ్మా, ఆమె ఇచ్చింది ఆరొందలు, నేను చూశాను" అని అనేవాళ్ళు.

నువ్వేం చేస్తున్నావని ఎవరూ ఎవరినీ అడిగే అవసరం ఉండేది కాదు. కళ్ళకి కనిపిస్తా ఉండేది, చెవులకి వినిపిస్తా ఉండేది. మన పంచసూత్రాల్లో పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు ఇవన్నీ క్రమం తప్పకుండా జరగాలని ఉంది. వాటన్నిటికన్నా ముందు సమావేశం ఎందుకు పెట్టారో అప్పట్లో మాకు పెద్దగా తెలియదు. ఇప్పుడు తెలిసింది. అందరూ ఒకచోట కూర్చుంటే మిగతా నాలుగూ అందరి కళ్ళ ముందే జరుగుతాయి.

పొలంలోనూ అంతే. వరి నాట్లప్పుడు వరసలో పక్కామె ఎంతదాకా వచ్చిందో ఓరకంట చూసుకుంటూనే మన చెయ్యి నడుస్తుంది. ఆమె వెనకబడితే ఆమె వైపు నాలుగు మొక్కలు మనమే నాటేస్తాం. మాట్లాడుకోవడం కూడా ఉండదు. ఆ పక్కచూపే లేకపోతే వరస వంకర పోతుంది.

ఇప్పుడు లెక్కలు ఫోన్లలోకి వచ్చాయి. మంచిదే. ఇంతకు ముందు నెలాఖరుకి పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని మండల ఆఫీసుకి వచ్చి రెండ్రోజులు కూర్చుని కూడికలు వేసుకునేవాళ్ళం. ఇప్పుడు ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఒకే ఉమ్మడి షీట్‌లో రాస్తే మొత్తం దానంతట అదే వస్తోంది. కానీ షీట్‌లోకి వెళ్ళేటప్పుడు మనం చాపని ఇంట్లో వదిలేసి వెళ్ళాం. పక్కామె కనపడడం మానేసింది.

జరిగిన తప్పు

నెలాఖరు రోజు. ఒక గ్రామ సంఘం వీవోఏ తన ఊళ్ళో కూర్చుని, సంఘం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో సభ్యురాలి వాయిదా ఫోన్‌లో ఎక్కిస్తోంది. తల వంచి పుస్తకంలో అంకె చూడడం, తల ఎత్తి షీట్‌లో కొట్టడం, మళ్ళీ తల వంచడం. అదే సమయానికి మండల ఆఫీసులో మాలో ఒకరం కంప్యూటర్ మీద అదే షీట్ తెరిచి, బకాయి ఎక్కువ ఉన్నవాళ్ళు పైకి రావాలని వరసలన్నీ తిరగేశాం. ఒక్క నొక్కు నొక్కితే అయిపోయే పని. అలా నొక్కితే మన తెర మీదే కాదు, ఆ షీట్ తెరిచిన అందరి తెరల మీదా వరసలు మారతాయని మాకు అప్పటికి తెలియదు.

అక్కడ ఆ చెల్లెలు తల ఎత్తింది. వేలు పెట్టిన గడి అక్కడే ఉంది, దాని పక్కనున్న పేరు మాత్రం మారిపోయింది. రెండు పేర్లకీ ఇంటిపేరు ఒకటే. ఆమె చూసుకోకుండా అంకె కొట్టేసింది. ఒక అక్క కట్టిన వాయిదా ఇంకొక అక్క వరసలో పడింది.

తర్వాత గ్రామ సంఘం సమావేశంలో బకాయిదారుల జాబితా పైకి చదివారు. కట్టిన అక్క పేరు అందులో వచ్చింది. ఆమె లేచి, "నేను కట్టాను, మా సంఘం అందరి ముందూ ఇచ్చాను" అంది. "షీట్‌లో లేదమ్మా" అన్నాం. ఆమె మళ్ళీ చెప్పింది. కంప్యూటర్ అబద్ధం చెబుతుందా అన్నాం. ఆ మాట అన్నది మేమే. ఆ బకాయి పేరుతో వాళ్ళ సంఘానికి రావాల్సిన కొత్త అప్పు నెల వెనక్కి పోయింది. సంఘంలో మిగతావాళ్ళు ఆమె వైపు చూసిన చూపు మాకిప్పటికీ గుర్తుంది. కూతురి కాలేజీ ఫీజుకి ఆ అప్పునే నమ్ముకున్న మనిషి బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది. ఆ తర్వాత రెండు సమావేశాలకు రాలేదు.

అంతటితో ఆగలేదు. సంఘం పుస్తకంలో ఆమె వాయిదా జమ అయి ఉందని తేలాక అందరి వేలూ వీవోఏ వైపు తిరిగింది. డబ్బు వాడుకుని వేరే పేరు మీద వేసిందేమో అన్నారు. షీట్‌లో పాత మార్పులు తీసి చూస్తే ప్రతి మార్పు పక్కనా ఒకటే పేరు, ఆ చెల్లెలి పేరే. ఎందుకంటే మొదట్లో ఆమె నంబరు మీద ఒక మెయిల్ ఐడీ తీశాం. పాస్‌వర్డ్ గుర్తుంచుకోవడం కష్టమని ఆఫీసులో మేము, పక్క ఊళ్ళ వీవోఏలు, అందరం దాంతోనే షీట్ తెరిచేవాళ్ళం. అంటే నలుగురం ఒకే చీర కట్టుకుని తిరిగినట్టు. ఎవరు ఏం చేసినా ఆ ఒక్క చీరే కనపడుతుంది.

ఆ చెల్లెలు పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని ఆఫీసుకొచ్చి ఏడ్చింది. సంఘం పుస్తకం, సభ్యురాలి పాస్ బుక్, షీట్ మూడూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. షీట్ పాత ప్రతుల్ని ఒక్కొక్కటే తెరిచి చూస్తే, ఆ మధ్యాహ్నానికి ముందు ఒక వరస, తర్వాత ఇంకో వరస ఉన్నట్టు కనిపించింది. అప్పుడు మాలో ఒకరు, "ఆ పూట వరసలు తిరగేసింది నేనే" అన్నారు. అంతకు ముందు మూడు రోజులు ఎందుకు చెప్పలేదంటే, కొంత గుర్తులేక, కొంత భయం వేసి. ఇద్దరికీ గ్రామ సంఘం సమావేశంలోనే, అందరి ముందే క్షమాపణ చెప్పి మినిట్స్ పుస్తకంలో రాశాం. డబ్బు ఒక్క రూపాయి కూడా ఎక్కడికీ పోలేదు. ఆ అక్క కట్టిన వడ్డీ మాత్రం తిరిగి రాదు. వినిపించిన మాటలు కూడా వెనక్కి రావు.

ఇది మన ఒక్కరి బాధ కాదు

ఈ గొడవయ్యాక, కంప్యూటర్ చదువుకుంటున్న ఒక సభ్యురాలి కూతుర్ని పిలిచి కూర్చోబెట్టుకుని అడిగాం. ఇలా కలిసి పనిచేసేటప్పుడు పక్కవాళ్ళ పని తెలియడం ఎలా అన్నది పెద్దపెద్దవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఆలోచిస్తున్న విషయమేనని ఆ అమ్మాయి చెప్పింది.

1968 డిసెంబర్ 9న అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన పెద్ద సభ ముందు ఒక కంప్యూటర్ చూపించాడు. దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో కూర్చున్న ఆయన సహోద్యోగి ముఖమూ, ఇద్దరూ చూస్తున్న కాగితమూ ఒకే తెర మీద కనిపించాయి. అంటే దూరంగా ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవాలన్న ఆశ మన సంఘాలకన్నా పాతది.

మాకు ఇంకా బాగా నచ్చింది లండన్ సంగతి. అక్కడ భూమి కింద నడిచే రైళ్ళలో బేకర్లూ లైన్ అని ఒకటుంది. దాని కంట్రోల్ రూములో మనుషులు ఎలా పనిచేస్తారో క్రిస్టియన్ హీత్, పాల్ లఫ్ అనే ఇద్దరు దగ్గరుండి గమనించి 1992లో రాశారు. ఆ గదిలో ఒకాయన రైళ్ళు నడిపే డ్రైవర్లతో మాట్లాడుతుంటాడు. పక్క కుర్చీలో ఇంకొకాయన స్టేషన్లలో ప్రయాణికులకు మైకులో కబురు చెబుతుంటాడు. మొదటాయన డ్రైవరుతో ఫోన్‌లో మాట్లాడుతుంటే రెండో ఆయన తన పని తాను చేసుకుంటూనే ఒక చెవి అటు వేసి ఉంచుతాడు. రైలు ఆగిందని అర్థం కాగానే, ఎవరూ చెప్పకముందే ప్రయాణికులకు చెప్పడానికి సిద్ధమైపోతాడు. మొదటాయన కూడా రైళ్ళ టైములు మార్చేటప్పుడు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు పైకి అంటాడు. అది పక్కవాళ్ళు వినడానికే.

ఇది విని మేమంతా నవ్వుకున్నాం. మన లీడరు "పొదుపు వంద, వాయిదా అయిదొందలు" అని పైకి చదివిందీ అందుకే కదా. లండన్ రైలు గదిలో చేసే పని మన అరుగు మీద మనమూ చేస్తున్నాం.

అదే 1992లో పాల్ డౌరిష్, విక్టోరియా బెల్లోటి అనే ఇద్దరు ఇంకో సంగతి రాశారు. కలిసి పనిచేసేవాళ్ళు ఒకరికొకరు సమాచారం ఇవ్వడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ప్రతి ఒక్కరూ పని ఆపి, నేను ఇది చేశానని విడిగా చెప్పడం. రెండోది, పని చేస్తుంటే ఆ పనే పక్కవాళ్ళకి కనపడడం. మొదటి దారిలో చెప్పేవాళ్ళకి శ్రమ, లాభం ఇంకొకరికి. అందుకే కొన్నాళ్ళకి చెప్పడం మానేస్తారు. మన వీవోఏలను అడగండి, ఒకే అంకెని ఎన్ని రిపోర్టుల్లో రాస్తున్నారో వాళ్ళు చెబుతారు. పని కనపడేలా ఉంటే రిపోర్టు బరువు తగ్గుతుంది.

కెనడాలో కార్ల్ గట్విన్, సాల్ గ్రీన్‌బర్గ్ అనే ఇద్దరు ఈ విషయాన్ని సులువైన ప్రశ్నల్లో పెట్టారు. ఇప్పుడు నాతో ఎవరున్నారు? వాళ్ళు ఏం చేస్తున్నారు? ఎక్కడ చేస్తున్నారు? ఇంతకు ముందు ఏం జరిగింది? మా తప్పు జరిగిన రోజు ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి కూడా మా దగ్గర జవాబు లేదు.

షీట్‌లో ఈ ప్రశ్నలకు జవాబు ఎక్కడుంది

ఇప్పుడు పనికొచ్చే మాటలు చెబుతాం, వీవోఏలు గుర్తు పెట్టుకోండి. మనం వాడే గూగుల్ షీట్స్‌లో ఈ ప్రశ్నలకు జవాబులు ఉన్నాయి. మనం వాటి వైపు చూడలేదు, అంతే.

ఎవరున్నారు? షీట్ తెరిచినప్పుడు పైన కుడివైపు చిన్న చిన్న గుండ్రాలు కనిపిస్తాయి. ఆ సమయానికి షీట్ తెరిచి ఉంచిన ఒక్కో మనిషికి ఒక్కో గుండ్రం. ఎవరి ఐడీతో వాళ్ళు వస్తే పేరు కనిపిస్తుంది. లింక్ ఉన్న ఎవరైనా తెరవొచ్చని పెట్టేస్తే మాత్రం పేరు బదులు అనానిమస్ అని, పక్కన ఏదో జంతువు బొమ్మ వస్తుంది. ఒక రోజు అలా కనిపిస్తే మా కోశాధికారి, "మన లెక్కల్లోకి ఏ నక్క దూరిందమ్మా" అంది. చూస్తే అది పక్క ఊరి వీవోఏ. నవ్వుకున్నాం కానీ, నిజంగా బయటివాళ్ళే అయి ఉంటే? అందుకే లింకు అందరికీ తెరిచి పెట్టడం మానేశాం. రాయాల్సినవాళ్ళ మెయిల్ ఐడీలు మాత్రమే ఒక్కొక్కటిగా చేర్చాం.

ఎక్కడ ఉన్నారు? ఇంకొకరు ఏ గడిలో ఉంటే ఆ గడి చుట్టూ ఒక రంగు గీత వస్తుంది. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. ఆ గీత కనిపిస్తే అక్కడ ఆమె చెయ్యి ఉందని అర్థం. అక్కడ మనం చెయ్యి పెట్టకూడదు. ఇద్దరు ఒకే గడిలో రాస్తే చివర రాసినామెదే నిలుస్తుంది, ముందు రాసినామె అంకె పోతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. ఫోన్ తెర చిన్నది. నాలుగైదు వరసలే కనిపిస్తాయి. పక్కామె ఇరవయ్యో వరసలో ఉంటే ఆమె రంగు మనకి కనిపించదు. కాబట్టి పైన గుండ్రం ఉందంటే, కింద ఎక్కడో ఒక చెయ్యి ఆడుతోందని గుర్తుంచుకోవాలి.

ముందు ఏం జరిగింది? కంప్యూటర్‌లో తెరిస్తే వెర్షన్ హిస్టరీ అని ఒకటి ఉంటుంది. షీట్ నిన్న ఎలా ఉంది, మొన్న ఎలా ఉంది, ఎవరు ఏం మార్చారు అనేది రంగుల్లో చూపిస్తుంది. కావాలంటే పాత ప్రతికి వెనక్కి వెళ్ళొచ్చు. ఒక్క గడి గురించే తెలియాలంటే ఆ గడి మీద మౌసు కుడి బటన్ నొక్కితే షో ఎడిట్ హిస్టరీ అని వస్తుంది. ముందు ఎంత ఉంది, ఎవరు మార్చారు అనేది చెబుతుంది. అయితే ఎవరి ఐడీ వాళ్ళకి ఉంటేనే ఇవన్నీ నిజం చెబుతాయి. నలుగురం ఒకే ఐడీ వాడితే చరిత్ర కూడా తప్పు మనిషినే చూపిస్తుంది. మన చెల్లెలి విషయంలో జరిగింది అదే.

వరసలు తిరగేసే సంగతి. బకాయిలు పైకి రావాలంటే ఫిల్టర్ వ్యూ అని ఒకటి ఉంది. అది తెరిస్తే మన కంటికి మాత్రమే వరసలు మారతాయి, పక్కవాళ్ళ తెర కదలదు. మేము ఆ రోజు దీన్ని వాడి ఉంటే ఈ ప్రసంగమే ఉండేది కాదు. ఇంకో కట్టుబాటు కూడా పెట్టుకోవచ్చు. ఏ ఊరి గడుల్లో ఆ ఊరి వీవోఏ తప్ప ఇంకెవరూ రాయకుండా తాళం వేసుకునే వీలుంది. ఎక్కడైనా అనుమానం వస్తే అంకె మార్చకుండా ఆ గడి మీద కామెంట్ పెట్టి, ఆ చెల్లెలి పేరు చేరిస్తే ఆమెకి కబురు వెళ్తుంది.

ఒక్కటి మాత్రం ఏ షీటూ చూపించలేదు. నెట్ లేని ఊళ్ళో మన చెల్లెలు రాస్తుంటే ఆమె గుండ్రం మనకి కనిపించదు. సిగ్నల్ వచ్చాకే ఆమె రాసింది ఇక్కడ కలుస్తుంది. తెర మీద ఎవరూ లేరని ఎవరూ రాయడం లేదని అనుకోకూడదు. అందుకే తీర్మానాల్లో వాయిస్ మెసేజ్ మాట పెట్టాం.

నీలం గీతల సంగతి

ఇక వాట్సాప్. అందరికీ తెలిసిందే. మెసేజ్ వెళ్తే ఒక గీత, అవతలి ఫోన్‌కి చేరితే రెండు గీతలు, చదివితే ఆ రెండూ నీలం. ఈ నీలం గీతలు 2014లో వచ్చాయి. గ్రూపులో అందరూ చదివాకే నీలం అవుతాయి. మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి ఇన్ఫో చూస్తే ఎవరు చదివారు, ఎవరికి చేరింది అని పేర్లు వస్తాయి. వాయిస్ మెసేజ్ వింటే మైకు బొమ్మ నీలం అవుతుంది. చదవడం రాని అక్కలకి వాయిస్ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాక సమావేశానికి వచ్చేవాళ్ళు పెరిగారు. ఎవరికి కబురు అందలేదో చూసి, వాళ్ళ ఇంటికి మనిషిని పంపడం తేలికైంది. ఇది మంచి ఉపయోగం.

కానీ అదే గుర్తు ఇంకో రకంగా కూడా వాడుతున్నారు. రాత్రి తొమ్మిదికి వచ్చిన మెసేజ్ చూసి, పొద్దున్నే జవాబిద్దామని ఫోన్ పక్కన పెట్టిన వీవోఏని మర్నాడు, "రాత్రే చూశావు కదా, జవాబెందుకు ఇవ్వలేదు" అని పదిమందిలో అడిగినవాళ్ళున్నారు. ఒక సభ్యురాలి ఇంట్లో, "రాత్రి పదకొండుకి ఆన్‌లైన్లో ఉన్నావు, ఎవరితో" అని గొడవ జరిగింది. పాపం ఆమె సంఘం లెక్క చూస్తోంది. ఇంట్లో ఒకే ఫోన్ ఉన్నచోట కొడుకు ఆటాడుతూ మెసేజ్ తెరిస్తే గీతలు నీలం అవుతాయి, ఆ కబురు తల్లికి చేరనే చేరదు. నీలం గీత ఫోన్ తెరిచిన గుర్తే. అక్కకి తెలిసిందన్న గుర్తు కాదు.

చాప మీద మనం ఒకరినొకరు చూసుకునేవాళ్ళం. ఆమె నన్ను చూసేది, నేను ఆమెని చూసేదాన్ని. పని అయిపోగానే లేచి ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం. ఇంటిదాకా ఆ చూపు వెంట వచ్చేది కాదు. ఒకరు చూస్తూ ఇంకొకరు చూడబడుతూ ఉంటే అది కాపలా అవుతుంది. పని దగ్గర తోడుకీ ఇంటి మీద కాపలాకీ మధ్య గీత మనమే గీసుకోవాలి. చివరిసారి ఎప్పుడు చూశారో, ఇప్పుడు ఆన్‌లైన్లో ఉన్నారో కనపడకుండా పెట్టుకునే వీలు వాట్సాప్ సెట్టింగుల్లో ఉంది. నీలం గీతలు కూడా తీసేయొచ్చు, అలా తీసేస్తే అవతలివాళ్ళవి మనకీ కనిపించవు. గ్రూపుల్లో మాత్రం వాటిని తీయడం కుదరదు. ఇవన్నీ ఎలా చేయాలో తెలియనివాళ్ళు మధ్యాహ్నం భోజనాల తర్వాత మా దగ్గరికి రండి, కూర్చుని చూపిస్తాం. పక్కవాళ్ళని దాచుకుని చేయాల్సిన తప్పు పనేమీ కాదు ఇది.

ఫోన్ లేని అక్క

ఇంతసేపూ తెరల గురించి మాట్లాడాం. కానీ మనలో చాలామందికి సొంత ఫోన్ లేదు, ఉన్నా షీట్ చదవలేరు. వాళ్ళకి రంగు గీతలూ లేవు, గుండ్రాలూ లేవు. వాళ్ళ డబ్బు గురించే రాసే షీట్‌లో వాళ్ళు మాత్రం బయట ఉన్నారు. మాట పడ్డ అక్క మాతో అన్నది ఇదే. "పుస్తకంలో రాసినప్పుడు నాకు వినపడేది. ఫోన్‌లో రాసినప్పుడు నాకేం తెలుసు?" ఆమె అడిగిందానికి మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఆలోచించి, షీట్‌ని మళ్ళీ చాప మీదకి తేవాలని అనుకున్నాం. నెలకోసారి సంఘం సమావేశంలో వీవోఏ షీట్ తెరిచి ప్రతి సభ్యురాలి పేరు, పొదుపు, వాయిదా పైకి చదవాలి. ఎవరి అంకె వాళ్ళు విని, సరే అనాలి. మొన్నటి మూడు నెలలుగా కొన్ని సంఘాల్లో ఇలా చేస్తున్నాం. అరగంట ఎక్కువ పడుతోంది. ఆ అరగంట అందరూ కూర్చుంటున్నారు.

మహాసభ ముందు పెడుతున్న తీర్మానాలు

1. ఉమ్మడి షీట్ తెరిచే ప్రతి మనిషికీ సొంత ఐడీ ఉండాలి. ఇంకొకరి ఐడీతో ఎవరూ, ఉపసంఘం సభ్యులతో సహా, రాయకూడదు.

2. రాయడం మొదలుపెట్టేటప్పుడు ఒకసారి, ముగించాక ఒకసారి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాలి. "ఫలానా ఊరి వాయిదాలు ఎక్కిస్తున్నాను", "అయిపోయింది" అంటే చాలు.

3. అసలు షీట్‌లో వరసలు ఎవరూ తిరగేయకూడదు. చూసుకోవాలంటే ఫిల్టర్ వ్యూ వాడాలి.

4. సభ్యురాలి పాస్ బుక్, సంఘం పుస్తకం, షీట్ మూడూ సరిచూడకుండా ఏ పేరూ బకాయి జాబితాలో పైకి చదవకూడదు. సభ్యురాలు కట్టానంటే, సరిచూసేదాకా ఆమె మాటే నిలవాలి.

5. మార్పుల చరిత్ర తీసి చూసేటప్పుడు, ఎవరి పేరు మీద అనుమానం ఉందో ఆమెని పక్కన కూర్చోబెట్టుకునే చూడాలి.

6. నీలం గీతల్ని చూపించి ఎవరినీ నిలదీయకూడదు. రాత్రి 8 తర్వాత వచ్చిన మెసేజ్‌కి జవాబు మర్నాడే.

7. నెలకోసారి షీట్ సంఘం ముందు పైకి చదవాలి. చదివినట్టు మినిట్స్‌లో రాయాలి.

వీటిలో మార్పులు కావాలంటే చర్చలో చెప్పండి. చివరి మాట మాది కాదు, మహాసభది.

ముగించే ముందు ఒక్క మాట. ఆ అక్క ఇప్పుడు సమావేశాలకు వస్తోంది. గత నెల షీట్ చదివేటప్పుడు తన పేరు దగ్గర వీవోఏ ఆగితే, "చదువమ్మా, వింటున్నాను" అంది. ఆ చెల్లెలు కూడా ఉద్యోగం మానలేదు. కొత్త వీవోఏలకు ఐడీలు తీసి ఇచ్చే పని ఇప్పుడు ఆమే చేస్తోంది. తప్పు చేసింది మేము. దాన్ని సరిచేయడంలో ఎక్కువ బరువు మోసింది వాళ్ళిద్దరూ. వాళ్ళకి ఈ వేదిక మీద నుంచి మరోసారి క్షమాపణ చెబుతున్నాం.

లెక్కల ఉపసంఘం సభ్యులు